మార్చి 25న రేమండ్ గుట్ట మీద దీపాలు పెట్టుకోనివ్వండి

వారసత్వ కట్టడాల బాధ్యత చూస్తున్న అధికారులకు, నగరపాలక పెద్దలకు, మూసారాంబాగ్, మలక్‌పేట, సైదాబాద్ కాలనీ సంఘాల వారికి,

నమస్కారం.

ఒక్క కోరిక చెప్పుకోవడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద, ఒకప్పుడు నిజాం కొలువులో చేసిన ఫ్రెంచి సర్దారు మొస్యే రేమండ్ సమాధి ఉంది. ఆయన పోయిన రోజు మార్చి 25. 1940ల దాకా ఏటా ఆ రోజున జనం గుట్టెక్కి ఉర్సులాగా జరుపుకునేవారు. ఆ వాడుకను మళ్ళీ మొదలుపెట్టుకునే వీలు మాకు కల్పించండి. టికెట్టు, వేదిక, ముఖ్య అతిథి ఏవీ అక్కర్లేదు. సాయంత్రం రెండు మూడు గంటలు గుట్టను మా చేతికివ్వండి, చాలు.

ఇంత చిన్న విషయానికి బహిరంగ లేఖ ఎందుకని మీకు అనిపించవచ్చు. అర్జీ పెడితే అదొక ఫైలవుతుంది. దాని మీద ఎవరో 'పరిశీలించవలెను' అని రాస్తారు. ఉద్యోగ జీవితమంతా ఫైళ్ళ మధ్యే గడిపినదాన్ని. ఏ బల్ల మీదికి చేరాక ఫైలు నిద్రపోతుందో నాకు బాగా తెలుసు. పదిమందీ చదివితే కనీసం ఆ నిద్ర పలచబడుతుందని ఆశ.

నా ఉద్యోగం గన్‌ఫౌండ్రీలో, ఒక బ్యాంకులో. ఇల్లు మూసారాంబాగ్‌లో. అంటే రేమండ్ పేరే జనం నోట మూసారాంగా మారి నిలిచిన పేటలో బస్సెక్కి, రేమండ్ ఫిరంగులు పోతపోయించిన పేటలో దిగేదాన్ని. సాయంత్రం మళ్ళీ అదే దారి. ఈ రెండు చోట్లకూ మధ్య సంబంధం ఉందని మా ఆఫీసులో ఎవరితో అన్నా, "సూటు బట్టల కంపెనీ ఆయనేనా?" అని నవ్వేవాళ్ళు. వాళ్ళను తప్పు పట్టను. మెట్రో రైల్లో 'తదుపరి స్టేషన్ మూసారాంబాగ్' అని మూడు భాషల్లో వినిపిస్తుంది. ఆ మూసారాం ఎవరో ఒక్క భాషలోనూ ఎవరూ చెప్పలేదు. టీవీ వాళ్ళకు కూడా మూసారాంబాగ్ అనగానే గుర్తొచ్చేది మూసీకి వరదొచ్చినప్పుడు నీళ్ళు పొర్లే ఆ వంతెనే.

తెలియనివాళ్ళ కోసం ఆయన కథ కొంచెం చెప్పాలి.

మిషెల్ జోకిమ్ మరీ రేమండ్ 1755లో దక్షిణ ఫ్రాన్స్‌లో, గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. ఇరవై ఏళ్ళ వయసులో వ్యాపారం చేసుకుందామని పుదుచ్చేరిలో ఓడ దిగాడు. వ్యాపారం ఎటు పోయిందో గానీ, మనిషి మాత్రం మైసూరులో హైదర్ అలీ దగ్గరున్న ఫ్రెంచి దళంలో తేలాడు. తర్వాత ఫ్రెంచి సేనాని, ముసలి బుస్సీ దగ్గర సహాయకుడిగా చేశాడు. 1785లో బుస్సీ పోయాక హైదరాబాద్ వచ్చి, 1786లో రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. మొదట చేతికిచ్చింది మూడు వందల మంది సిపాయిలను. పదేళ్ళు తిరిగేసరికి ఆ దళం పద్నాలుగు వేలకు చేరింది. ఫతే మైదాన్ దగ్గర ఫిరంగుల కార్ఖానా పెట్టించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. ఇంగ్లీషువాళ్ళ నోట అదే గన్‌ఫౌండ్రీ.

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం జరిగింది. రేమండ్ బెటాలియన్లు నిలబడి పోరాడాయి. నిజామే బెదిరి వెనక్కి తగ్గమన్నాడు. రాత్రికి రాత్రి ఖర్దా కోటలోకి వెళ్ళి తలుపులు వేసుకుని, చివరికి మరాఠాలు అడిగినవన్నీ ఒప్పుకుని బయటపడ్డాడు. అదే ఏడాది నిజాం కొడుకు అలీ జా తండ్రి మీద తిరగబడితే అణచివేసింది కూడా రేమండే. ఆ రెండింటితో దర్బారులో ఆయన మాటకు ఎదురు లేకుండా పోయింది. ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చి రాజు తల తెగిన కాలమది. నిజాం జీతమిచ్చే ఆ సైన్యం ఆ విప్లవ జెండా ఎత్తుకుని హైదరాబాద్‌లో కవాతు చేసేది. రాజులు వద్దన్నవాళ్ళ జెండా కింద, ఒక రాజు సొమ్ముతో, మన ఊళ్ళ కుర్రాళ్ళు లెఫ్ట్ రైట్ కొట్టారన్నమాట. నాకు ఎన్నిసార్లు తలచుకున్నా నవ్వొచ్చే సంగతి ఇది.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. అప్పటికి నలభై రెండేళ్ళు. విషం పెట్టారన్నారు, తానే మింగాడన్నారు. ఏదీ తేలలేదు. ఆయన తర్వాత పీరాన్ అనే ఇంకో ఫ్రెంచి అధికారి దళం పగ్గాలు పట్టుకున్నాడు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చెయ్యాలన్నది అందులో ముఖ్యమైన షరతు. అక్టోబరులో, జీతాల బకాయిల కోపంతో ఉన్న సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. 22న కంపెనీ సైన్యం చుట్టుముట్టేసరికి ఆయుధాలు కింద పెట్టేశారు. పన్నెండేళ్ళు కట్టిన సైన్యం, నాయకుడు పోయిన ఏడు నెలలకు, యుద్ధం లేకుండానే చెదిరిపోయింది.

ఆ పని చేయించింది దర్బారులో కంపెనీ ప్రతినిధిగా ఉన్న రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఆయన తర్వాత మూసీ ఒడ్డున కట్టించిన భవంతే కోఠీలోని రెసిడెన్సీ. ఎన్నో ఏళ్ళు మహిళా కళాశాలగా నడిచింది. ఆ భవంతి పాడైపోతుంటే దేశవిదేశాల నుంచి డబ్బులొచ్చాయి, నిపుణులొచ్చారు, చక్కగా బాగుచేశారు. చాలా సంతోషం. నేనూ వెళ్ళి చూశాను, ఆ మెట్ల మీద సింహాల పక్కన ఫొటో దిగాను. అయితే గెలిచినవాడి భవనానికి జరిగిన మర్యాదలో వీసమెత్తైనా ఓడినవాడి సమాధికి జరగలేదన్నది మాత్రం మీరు కాదనలేరు.

కాకపోతే ఆ సమాధికి ఇంకోరకం మర్యాద జరిగింది. నా కోరికకు ఆధారం అదే.

ఆయన పోయాక హిందువులు మూసా రాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలేదు. గుట్ట మీద మండపం, దాని పక్కనే ఇరవై మూడు అడుగుల నల్లరాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అని రెండు అక్షరాలు. శిలువ లేదు, నెలవంక లేదు, నామం లేదు. బహుశా అందుకే ఎవరికి వాళ్ళు తమవాడే అనుకోగలిగారు. జీతం వేళకు అందేలా చూసేవాడని, కష్టంలో ఉన్నవాడికి కాదనకుండా ఇచ్చేవాడని ఆయనకు పేరు. సిపాయిల ఇళ్ళలో ఆ పేరు నిలిచింది. ఆయన పోయిన ఏడు నెలలకే జీతాల కోసం తిరగబడాల్సి వచ్చినవాళ్ళకు, వేళకు జీతమిచ్చినవాడు దేవుడిలా కనిపించడంలో వింతేముంది? వాళ్ళే గుట్టెక్కారు, వాళ్ళ పిల్లలు ఎక్కారు, నూట యాభై ఏళ్ళ దాకా ఎక్కుతూనే ఉన్నారు. ఆ రోజున నిజాం దర్బారు నుంచి సమాధికి ఒక చుట్టల పెట్టె, ఒక బీరు సీసా వచ్చేవని కూడా చెప్పుకుంటారు. కథే కావచ్చు. నైవేద్యం పెట్టేటప్పుడు చనిపోయినవాడికి ఏది ఇష్టమో అదే పెట్టడం మన పద్ధతేగా. మా ఊళ్ళో తాతగారి తద్దినానికి పక్కన పొడుం డబ్బా పెట్టేవాళ్ళు.

అంటే అది ఫ్రెంచివాళ్ళ వారసత్వం కన్నా ముందు మన వారసత్వం. రాయి మీద రాయి నిలిపింది దొరలు కావచ్చు. దాన్ని ఇన్నాళ్ళు గుర్తుపెట్టుకుంది మూసారాంబాగ్ జనం. ఇది మరచిపోయి గుట్టకు ఏ మరమ్మతు చేసినా అది సగం పనే అవుతుందని నా నమ్మకం.

మీ వైపు నుంచి ఏమీ జరగలేదని నేననను. 2001 అక్టోబరు వానలకు ఆ మండపం కూలిపోయింది. తర్వాత దాన్ని తిరిగి నిలబెట్టారు. ఆ స్తంభాలు మళ్ళీ లేవకపోతే ఈపాటికి అక్కడ ఏముండేదో హైదరాబాద్‌లో ఇల్లు కొన్న ఎవరినడిగినా చెబుతారు. గుట్ట చుట్టూ అపార్టుమెంట్లు ఎలా లేచాయో, ఆ టీవీ టవరు తప్ప ఇంకేమీ దూరం నుంచి కనిపించని స్థితి ఎలా వచ్చిందో మా కళ్ళముందే జరిగింది. కట్టడాన్ని కాపాడారు, అందుకు కృతజ్ఞతలు. ఇప్పుడు అడుగుతున్నది ఆ కట్టడంలోకి మనుషులను మళ్ళీ రానివ్వమని.

ఇక్కడ నాకో భయం కూడా ఉంది, దాచుకోకుండా చెబుతాను. ఎప్పుడో ఒక రోజు ఎవరికో ఈ గుట్ట మీద కన్ను పడుతుంది. 'హైదరాబాద్‌లో మినీ ప్యారిస్' అని ఒక ప్లాను తయారవుతుంది. రంగురంగుల లైట్లు, 'ఐ లవ్ రేమండ్' అని పెద్ద అక్షరాలు, సెల్ఫీ కోసం గుండె ఆకారంలో ఒక చట్రం, గేటు దగ్గర టికెట్టు. పొద్దున నడకకొచ్చే పెద్దవాళ్ళు, సాయంత్రం క్రికెట్ ఆడే పిల్లలు బయట. ఇలాంటి ముస్తాబులు ఈ నగరంలో చాలా చెరువుల దగ్గర చూశాం. చెరువు గట్టు మీద బొమ్మ కొంగలు నిలబడ్డాయి, నిజం కొంగలు ఎటో వెళ్ళిపోయాయి.

ఫ్రెంచి అనగానే వైను, పసుపు గోడలు, కిటికీల మీద కాగితప్పూల తీగ అనుకునే అలవాటు పుదుచ్చేరి రీళ్ళు చూసి వచ్చింది. తెలుగువాళ్ళకు ఫ్రెంచివాళ్ళతో ఉన్న లెక్క అంత తీయనిది కాదు. మాది గోదావరి జిల్లా. చిన్నప్పుడు మా ఊరి అరుగుల మీద బుర్రకథ చెప్పేవాళ్ళు బుస్సీ పేరెత్తగానే ముసలివాళ్ళు కాండ్రించి ఉమ్మడం చూశాను. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం కథ అది. ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా ప్రాంతం, అప్పటి నిజాం సలాబత్ జంగ్ చేతి మీదుగా 1753లో ఫ్రెంచివాళ్ళకు వచ్చాయి. సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించిందే బుస్సీ. అంతకుముందు ఏడాది, 1756లో, ఇదే హైదరాబాద్‌లో చార్ మహల్‌లో చుట్టుముట్టినా బయటపడ్డ మొండివాడు. పన్నుల వసూలుకు సర్కారుల మీదికి వెళ్ళి, విజయనగరం విజయరామరాజు మాట పట్టుకుని బొబ్బిలి కోట మీద పడ్డాడు. కోటలోనివాళ్ళు తమ ఆడవాళ్ళను, పిల్లలను తామే చంపుకుని, చివరి మనిషి దాకా పోరాడి చనిపోయారు. తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే పొడిచి చంపాడు. కథలో బుస్సీతో పాటు తిట్లు తినే హైదర్ జంగు ఆయన దివాను. ఏడాదిన్నర తిరక్కుండానే అతణ్ణి చంపించింది ఎవరనుకున్నారు? నిజాం అలీ ఖాన్. బుస్సీ దివానును చంపించిన ఆ చేతితోనే, ముప్పై ఏళ్ళ లోపు, బుస్సీ శిష్యుడు రేమండ్‌కు కొలువిచ్చాడు. రాజకీయాలు అప్పుడూ ఇంతే.

ఫ్రెంచివాళ్ళు మా ఇంట్లోకి ఇంకో దారిన కూడా వచ్చారు. మా నాయనమ్మ పెళ్ళి యానాంలో జరిగింది. మా వాళ్ళెవరూ యానాం వాళ్ళు కారు. శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక బ్రిటిషు ఇలాకాలో చిన్నపిల్లల పెళ్ళి చేస్తే జైలు. యానాం ఫ్రెంచి ఇలాకా, ఆ చట్టం అక్కడ చెల్లదు. దాంతో గోదావరి జిల్లాల నుంచి పెళ్ళివాళ్ళు బళ్ళు కట్టుకుని, పడవలెక్కి యానాం దారి పట్టారు. ముహూర్తాల రోజుల్లో ఊళ్ళో విడిదిళ్ళు దొరికేవి కావట. పట్టుచీర బరువుకు నడవలేక ఏడుస్తుంటే ఎవరో ఎత్తుకుని పీటల మీద కూర్చోబెట్టారని నాయనమ్మ చెప్పేది. 'స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం' అని రాసుకున్న రాజ్యం నీడలో మా నాయనమ్మకు చదువు పోయింది. ఆ నీడను వెతుక్కుంటూ వెళ్ళింది మనవాళ్ళే, అది కూడా ఒప్పుకోవాలి.

యానాం వాళ్ళు ఈ లెక్కను మనకన్నా బాగా చూసుకున్నారని నాకనిపిస్తుంది. 1723లో ఫ్రెంచివాళ్ళు అడుగుపెట్టిన ఊరు. ముప్పై చదరపు కిలోమీటర్లు ఉంటుందేమో. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఆ పేరు చూడండి, క్రైస్తవం, తెలుగు, పోలీసు ఉద్యోగం, స్వాతంత్ర్య పోరాటం అన్నీ ఒకే మనిషిలో. అదే ఏడాది నవంబరు 1న పాలన భారతదేశం చేతికొచ్చింది. కాగితాల మీద పూర్తి బదిలీ 1962 ఆగస్టు 16 దాకా ఆగింది. ఆ ఊళ్ళో దొరల కాలం నాటి చర్చి ఉంది, పక్కనే తెలుగు సంత ఉంది, పుదుచ్చేరి సర్కారు బోర్డులున్నాయి, గోదావరి యాస ఉంది. ఫ్రెంచివాళ్ళను పొగిడేవాళ్ళు, తిట్టేవాళ్ళు ఒకే అరుగు మీద కూర్చుని వాదించుకుంటారు. వారసత్వమంటే నాకు తెలిసినంతవరకు ఆ అరుగు. అలాంటి అరుగు హైదరాబాద్‌లో ఆ గుట్ట మీద ఒకటి ఉండేది. దాన్ని మళ్ళీ వేసుకుంటామంటున్నాం.

బోర్డు సంగతి. గుట్ట మీద, గన్‌ఫౌండ్రీలో, వీలైతే మూసారాంబాగ్ మెట్రో స్టేషన్‌లో కూడా తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల్లో ఒక్కో బోర్డు పెట్టించండి. అందులో అన్నీ రాయించండి. ఆయన డబ్బు కోసం యుద్ధం చేసిన మనిషని రాయించండి. ఆయన పోయించిన ఫిరంగులు మనుషులను చంపడానికేనని రాయించండి. ఆయన దళంలో వేల మంది దక్కనీ, తెలుగు కుర్రాళ్ళు ఉన్నారని, వాళ్ళలో ఒక్కరి పేరూ ఏ రాతి మీదా లేదని తప్పకుండా రాయించండి. చుట్టుపక్కల పేదజనం ఆయనకు తమ పేరు ఎందుకు పెట్టుకున్నారో అన్నిటికన్నా పైన రాయించండి. ఊరికే 'రక్షిత కట్టడం, పాడుచేసినవారికి జరిమానా' అని రాస్తే జనానికి కనపడేది జరిమానా ఒక్కటే. తోప్ కా సాంచా దగ్గర ఇది మరీ అవసరం. గన్‌ఫౌండ్రీ అని రోజుకు లక్ష నోళ్ళు పలుకుతాయి గానీ, ఆ మందపాటి పాత గోడలు ఎక్కడున్నాయో చూపించమంటే ఆటో డ్రైవరు కూడా తల గోక్కుంటాడు. నేను చాలామందిని అడిగి చూశాను. ఒకాయన నన్ను బంగారం తాకట్టు పెట్టుకునే షాపు ముందు దింపాడు.

తాళం గురించి కూడా ఒక మాట. మార్చి 25 సాయంత్రం గేటు తీసి ఉంచడానికి, దీపాలున్నంతసేపు ఉండటానికి ఒక మనిషిని మీరు పంపించండి. జీతం మీ దగ్గర, ఆ పూట టీ, భోజనం మా కాలనీలో.

రాయి మీద నూనె పడుతుందని మీ నిపుణులు అభ్యంతరం చెబుతారని ఊహించగలను. సరైన అభ్యంతరమే. ప్రమిదలన్నీ ఇసుక పోసిన పళ్ళేలలో, సమాధి వేదికకు దూరంగా, కింద నేల మీద పెట్టుకుంటాం. స్తంభానికి బొట్టు పెట్టం, చాదర్ కప్పం, కొబ్బరికాయ కొట్టం. పూలు తెస్తే సాయంత్రానికి మేమే ఏరి తీసుకెళతాం. లైటింగుకు డ్రిల్లు వేసి మేకులు కొట్టేకన్నా ఇది రాయికి తక్కువ కష్టం.

పరాయి దేశపు కిరాయి సిపాయికి పండగేమిటని అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. మా ఇంట్లోనే ఉన్నారు. మా అబ్బాయి ఇదే అడిగాడు, బొబ్బిలి కథ విన్న రక్తం కదా. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. బుస్సీకి పండగ చేద్దామంటే నేనే అడ్డంపడతాను. గుట్ట మీద జనం తలచుకున్నది ఫ్రాన్స్‌ను కాదు, తమకు జీతమిచ్చి మనిషిగా చూసిన ఒక సర్దారును. అందులో ఎంత నిజం, ఎంత అభిమానం అన్నది బడిపిల్లలను తేల్చుకోనిద్దాం. అసలు అందుకే వాళ్ళు రావాలని నా ఆశ. మార్చి 25 నాటికి ఒంటిపూట బడులు మొదలై ఉంటాయి, మధ్యాహ్నం నుంచి పిల్లలు ఖాళీనే. ఎనిమిదో క్లాసు, తొమ్మిదో క్లాసు పిల్లలు ఇద్దరిద్దరు ఒక్కో మూల నిలబడి, ఒకరు ఖర్దా కథ, ఇంకొకరు తోప్ కా సాంచా కథ, ఇంకొకరు ఆయుధాలు దించిన రోజు కథ, ఇంటి భాషలో చెబితే వినాలని ఉంది. ఒకడు తెలుగులో, ఒకతె దక్కనీలో. తప్పులు చెప్పినా ఫరవాలేదు, దిద్దేవాళ్ళు కింద నిలబడే ఉంటారు. మా వీధిలో రిటైరైన టీచర్లకు కొదవ లేదు.

ఇక కాలనీ సంఘాల వారితో రెండు మాటలు. అధికారులు ఒప్పుకున్నా దీన్ని మనమే పాడుచెయ్యగలం. ఫ్లెక్సీ ఒక్కటి కూడా కట్టవద్దు, కార్పొరేటరుది అసలే వద్దు. డీజే వద్దు. మైకు లేకుండా మాట్లాడితే వినిపించేంత మంది వస్తే చాలు. కొన్నేళ్ళు ఈ తేదీ రంజాన్‌లో పడుతుంది, కొన్నేళ్ళు శ్రీరామనవమి పందిళ్ళ దగ్గరికి వస్తుంది. రంజాన్ అయిన ఏడాది ఇఫ్తార్ వేళ చూసుకుని దీపాలు కొంచెం వెనకా ముందూ పెట్టుకుందాం. నవమి దగ్గరైతే పానకం మిగులుతుంది ఎలాగూ. 'మీ వాడా, మా వాడా' అన్న వాదన ఎవరైనా ఎత్తితే, రెండు వందల ఏళ్ళ కింద ఈ పేటలో చదువురానివాళ్ళు ఆ పంచాయితీని ఎంత తేలిగ్గా తీర్చుకున్నారో గుర్తుచేద్దాం. గుట్ట దిగేటప్పుడు ఎవరి చెత్త వాళ్ళు తెచ్చుకోవాలి. పక్క అపార్టుమెంట్ల పార్కింగులో బళ్ళు పెడితే వాచ్‌మన్లతో గొడవ. నడిచి రాగలిగినవాళ్ళు నడిచి రండి, నాలాగా మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను ఆటోలో ఎక్కించుకురండి.

చుట్టల పెట్టె, బీరు సీసా విషయం మాత్రం వదిలేద్దాం. అడిగినవాళ్ళు అప్పుడే ముగ్గురున్నారు, అందుకే చెబుతున్నాను.

అధికారులకు చివరిగా. అనుమతికి ఎవరికి రాయాలి, ఏ నమూనాలో రాయాలి, డిపాజిట్ ఏమైనా కట్టాలా, పోలీసుల నుంచి, ఫైర్ వాళ్ళ నుంచి కాగితం కావాలా అన్నది రాతపూర్వకంగా చెప్పండి. జనవరి నెలాఖరులోగా తెలిస్తే మార్చికి తయారవగలం. వంద సంతకాలు కావాలన్నా, రెండు వందలు కావాలన్నా తెచ్చిస్తాం. మీలో ఎవరైనా ముందుగా చోటు చూసుకోవాలనుకుంటే ఏ ఆదివారమైనా పొద్దున ఆరున్నరకు గుట్ట కింద మా నడక బృందం ఉంటుంది. గేటు దగ్గర అడిగితే చాలు.

ఇట్లు,
మూసారాంబాగ్‌లో ఉంటున్న ఒక రిటైర్డు బ్యాంకు ఉద్యోగిని,
హైదరాబాద్